భూకక్ష్యలోంచి నక్షత్రాల ఫొటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నివసించే వ్యోమగాములు మామూలు కెమెరాలతో, కిటికీ అద్దంలోంచి తీసే రాత్రి ఆకాశపు ఫొటోల గురించి ఈ ప్రశ్నోత్తరాలు. హబుల్ వంటి అంతరిక్ష టెలిస్కోపుల పని వేరే రకానిది కనుక, పోలిక అవసరమైన చోట మాత్రమే వాటి ప్రస్తావన వస్తుంది.

అంతరిక్షంలో తీసిన చాలా ఫొటోల్లో ఆకాశం నల్లగా ఉంటుంది, ఒక్క నక్షత్రమూ కనిపించదు. ఎందుకు?

ఆ ఫొటోల్లో అధిక భాగం పగటి వెలుగులో తీసినవి కావడమే దీనికి కారణం. ఎండ పడుతున్న భూమి, తెల్లటి వ్యోమనౌక, స్పేస్‌సూట్ ఇవన్నీ ఎంతో ప్రకాశవంతమైన వస్తువులు. వాటి వివరాలు చెదరకుండా రావాలంటే షట్టర్‌ను సెకనులో కొన్ని వందల వంతు కాలం మాత్రమే తెరవాలి. అంత తక్కువ వ్యవధిలో నక్షత్రాల నుంచి సెన్సర్ మీద పడే కాంతి లెక్కలోకి రానంత స్వల్పం. చంద్రుడి మీద తీసిన ఫొటోలకు కూడా ఇదే వర్తిస్తుంది. నక్షత్రాలు కావాలంటే కేంద్రం భూమి నీడలోకి వెళ్లేదాకా ఆగి, లోపలి దీపాలు ఆర్పి, ఎపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ (కాంతికి సెన్సర్ స్పందించే స్థాయి) బాగా పెంచి, షట్టర్‌ను ఒక సెకను లేదా అంతకు మించి తెరిచి ఉంచాలి. అప్పుడు ఆకాశం నిండా నక్షత్రాలు వస్తాయి. ఒకే ఫొటోలో ఎండలో మెరిసే భూమీ, మినుకుమనే సన్నటి నక్షత్రాలూ రెండూ సరిగ్గా రావడం ఇప్పటి ఏ కెమెరాకూ సాధ్యం కాదు. చంద్రయాత్రలు బూటకమని వాదించేవారు ఈ నల్లటి ఆకాశాన్నే సాక్ష్యంగా చూపుతారు గానీ, రాత్రిపూట క్రికెట్ స్టేడియం దీపాల కింద ఫొటో తీసి చూస్తే ఎవరికైనా విషయం అర్థమవుతుంది.

ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి అరనిమిషం ఎక్స్‌పోజర్ ఇస్తే, అంటే షట్టర్ తెరిచి ఉంచితే, సరిపోదా?

సరిపోదు. ఈ రంగంలోని ఇబ్బందులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. కేంద్రం భూమికి సుమారు 400 కి.మీ. ఎత్తున, సెకనుకు దాదాపు 7.7 కి.మీ. వేగంతో తిరుగుతూ, సుమారు 93 నిమిషాల్లో ఒక ప్రదక్షిణ పూర్తి చేస్తుంది. అలా తిరుగుతున్నంతసేపూ దాని ఒక వైపు ఎప్పుడూ భూమినే చూస్తూ ఉండేలా అమర్చారు. అంటే నక్షత్రాలతో పోలిస్తే కేంద్రం ప్రతి 93 నిమిషాలకూ తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతోందన్నమాట. నిమిషానికి దాదాపు 4 డిగ్రీలు. నేల మీద మనకు భూభ్రమణం వల్ల నక్షత్రాలు నిమిషానికి పావు డిగ్రీ చొప్పున మాత్రమే జరుగుతాయి. అంటే అక్కడ నక్షత్రాల కదలిక మనకు కనిపించే దానికంటే సుమారు పదిహేనున్నర రెట్లు ఎక్కువ.

నేల మీద ఫొటోలు తీసేవారు పాటించే ఒక సులువైన లెక్క ఉంది. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, నక్షత్రాలు గీతలు పడకుండా ఎన్ని సెకన్లు షట్టర్ తెరిచి ఉంచవచ్చో సుమారుగా తెలుస్తుంది. 24 మి.మీ. లెన్స్‌కు మనకు 20 సెకన్లు వస్తుంది. అదే లెన్స్‌తో కక్ష్యలో మిగిలేది సెకనూ పావు. ఆ కొద్ది కాలంలోనే పాలపుంత కాంతిని పట్టుకోవాలి కనుక, కక్ష్యలో తీసిన ఫొటోలను నేల మీది ఫొటోలతో పోల్చి నాణ్యత తక్కువని అనడం న్యాయం కాదని నా అభిప్రాయం.

నక్షత్రాలు వలయాలుగా కనిపించే ఫొటోలు ఎలా తీస్తారు?

అమెరికన్ వ్యోమగామి డాన్ పెటిట్ 2011 డిసెంబరు నుంచి 2012 జూలై దాకా కేంద్రంలో ఉన్నప్పుడు తీసిన ఈ తరహా ఫొటోలు ప్రపంచమంతా తెలిసినవే. కదలికను ఆపలేనప్పుడు దాన్నే చిత్రంగా మలచడం ఆయన ఎంచుకున్న దారి. పది, పదిహేను నిమిషాల పాటు ఒకే ఎక్స్‌పోజర్ ఇస్తే డిజిటల్ సెన్సర్ తనంతట తానే పుట్టించే నాయిస్ (అనవసరపు చుక్కలు, మచ్చలు) బొమ్మను కప్పేస్తుంది. అందువల్ల ఆయన 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు వరుసగా తీసి, తర్వాత వాటిని కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చారు. నేల మీది ఔత్సాహికులు చేసేదీ ఇదే.

ఆ ఫొటోల్లో ఒకేసారి మూడు నాలుగు రకాల కదలికలు నమోదవుతాయి. నక్షత్రాలు చాపాలుగా వంగుతాయి. కింద నగరాల దీపాలు పసుపు, నారింజ రంగు చారలుగా సాగిపోతాయి. మేఘాల్లోని మెరుపులు మాత్రం క్షణకాలమే వెలుగుతాయి కనుక గీతలు కాకుండా తెల్లటి మచ్చలుగా చెల్లాచెదురుగా కనిపిస్తాయి. కేంద్రంతో పాటే కదిలే సౌర ఫలకాలు మాత్రం దాదాపు నిశ్చలంగా ఉంటాయి.

ఆ వలయాల మధ్యలో ఉండేది ధ్రువ నక్షత్రమేనా?

కాదు. మనకు నక్షత్రాలు ధ్రువ నక్షత్రం చుట్టూ తిరుగుతున్నట్టు కనిపించడానికి కారణం భూమి అక్షం అటువైపు చూపడం. కేంద్రం తిరిగే అక్షం దాని కక్ష్యాతలానికి లంబంగా ఉంటుంది. కక్ష్య భూమధ్యరేఖకు 51.6 డిగ్రీలు వాలి ఉన్నందున, ఆ అక్షం ఖగోళ ధ్రువం నుంచి కూడా 51.6 డిగ్రీల దూరంలో ఉన్న బిందువు వైపు చూపుతుంది. పైగా భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బెత్తుగా ఉండటం వల్ల కక్ష్యాతలమే రోజుకు సుమారు 5 డిగ్రీల చొప్పున పడమరకు జరుగుతూ ఉంటుంది. కాబట్టి వలయాల కేంద్రబిందువు రోజురోజుకూ మారిపోతుంది. ఒక వారం ఒక తారామండలంలో ఉన్న ఆ బిందువు మరుసటి వారానికి మరో చోట కనిపిస్తుంది.

నక్షత్రాలు చుక్కలుగానే ఉన్న ఫొటోలు కూడా చూశాం. అవెలా సాధ్యం?

కేంద్రం ఎంత వేగంగా తిరుగుతోందో అంతే వేగంగా కెమెరాను వ్యతిరేక దిశలో తిప్పితే సాధ్యం. ఈ ఆలోచనకు ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. పెటిట్ తొలిసారి కేంద్రానికి వెళ్లిన 2002-03లో రాత్రిపూట నగరాల ఫొటోలు తీయబోతే, కింద నేల పరుగుల వల్ల దీపాలన్నీ అలికినట్టు వచ్చేవి. నేల కేంద్రం కింద సెకనుకు 7 కి.మీ. పైనే వెనక్కు జరుగుతుంది కదా. ఆయన కేంద్రంలో దొరికిన విడి భాగాలు, ఐమాక్స్ కెమెరా స్టాండు, ఒక చేతి డ్రిల్ కలిపి బార్న్‌డోర్ ట్రాకర్ తయారు చేశారు. రెండు పలకలను బందుతో కలిపి, మధ్యలో మరను నెమ్మదిగా తిప్పుతూ తెరిచే సాధనం అది. నేల మీద ఔత్సాహికులు చవకగా ఇంట్లోనే చేసుకునేది. అక్కడ దానితో ఆయన వెంబడించినది నక్షత్రాలను కాదు, నగరాలను. 2012లో యూరోపియన్ అంతరిక్ష సంస్థ నైట్‌పాడ్ అనే మోటారు ట్రైపాడ్‌ను పంపించింది. డచ్ వ్యోమగామి ఆండ్రే కైపర్స్ దాన్ని అమర్చారు. అది కూడా రాత్రి నగరాల కోసమే.

నక్షత్రాల వంతు తర్వాత వచ్చింది. 2024 సెప్టెంబరులో మళ్లీ కేంద్రానికి వెళ్లిన పెటిట్, ఈసారి నక్షత్రాలను వెంబడించే ట్రాకర్‌ను స్వయంగా తయారు చేసి వెంట తీసుకెళ్లారు. అది సెకనుకు 0.064 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. 360 డిగ్రీలను 93 నిమిషాలతో భాగించి చూస్తే అదే సంఖ్య వస్తుంది. దానితో పది సెకన్లు, అంతకు మించిన ఎక్స్‌పోజర్లు కూడా నక్షత్రాలు చెదరకుండా సాధ్యమయ్యాయి. 2025 జనవరిలో వెలువడిన ఒక ఫొటోలో పాలపుంత, సౌరకుటుంబంలోని ధూళి వల్ల కలిగే జోడియాకల్ కాంతి, గీతల్లా స్టార్‌లింక్ ఉపగ్రహాలు, భూమి అంచున రంగుల వాతావరణం, ఉదయించబోతున్న సూర్యుడి కాంతి అన్నీ ఒకేచోట ఉన్నాయి. నక్షత్రాలు చుక్కలుగా నిలిచినందుకు మూల్యంగా కింద నగరాలు చారలయ్యాయి. రెండిటినీ ఒకే ఎక్స్‌పోజర్‌లో నిలపడం కుదరదు.

ఏ కిటికీలోంచి తీస్తారు?

అందరికీ తెలిసినది కూపోలా. ఇటలీలో తయారై, 2010 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ ద్వారా కేంద్రానికి చేరింది. చుట్టూ ఆరు కిటికీలు, మధ్యలో 80 సెం.మీ. వ్యాసం గల గుండ్రటి కిటికీ ఒకటి ఉంటాయి. అయితే దాన్ని భూమిని చూడటానికి కట్టారు, ఆకాశాన్ని చూడటానికి కాదు. 400 కి.మీ. ఎత్తు నుంచి భూమి దాదాపు 140 డిగ్రీల మేర పరుచుకుని కనిపిస్తుంది. కనుక కూపోలాలోంచి భూమి అంచుకు పైన ఉండే నక్షత్రాల పట్టీ మాత్రమే దొరుకుతుంది. అందుకే అక్కడ తీసిన నక్షత్రాల ఫొటోలన్నిటిలోనూ భూమి ఏదో ఒక మూల కనిపిస్తుంది.

డెస్టినీ ప్రయోగశాలలోని కిటికీ అద్దం దృశ్య నాణ్యతలో చాలా గొప్పది గానీ అది నేరుగా కిందికే చూస్తుంది. నక్షత్రాలకు అన్నిటికంటే బాగా ఉపయోగపడినవి కేంద్రానికి అనుసంధానమై ఉన్న వ్యోమనౌకల కిటికీలే. 2024 నవంబరులో క్రూ-9 డ్రాగన్ నౌకను కేంద్రం ముందు భాగం నుంచి, భూమికి ఎదురు దిక్కున పైకి చూసే ద్వారానికి మార్చారు. పైన చెప్పిన 2025 జనవరి ఫొటో ఆ నౌక కిటికీలోంచి తీసినదే.

కిటికీ అంటే ఒక్క అద్దం కాదు. కూపోలా కిటికీల్లో లోపలి గీతల నుంచి కాపాడే పలక, గాలి పీడనాన్ని ఆపే రెండు పలకలు, బయటి చిన్న ఉల్కాశకలాల తాకిడిని భరించే పలక ఉంటాయి. ఇన్ని పలకల మీద లోపలి వెలుగు ప్రతిబింబించి బొమ్మలో దయ్యపు మరకలు పుడతాయి. అందుకని దీపాలు ఆర్పడమే కాక, కెమెరాకూ కిటికీకీ మధ్య నల్లటి గుడ్డ కట్టుకుంటారు. వాడనప్పుడు కిటికీల బయటి తలుపులు మూసి ఉంచుతారు.

బరువు లేని చోట కెమెరాను కదలకుండా పట్టుకోవడం తేలికే కదా?

బరువు లేకపోయినా జడత్వం ఎక్కడికీ పోదు. చేత్తో పట్టుకుంటే గుండె కొట్టుకునే లయకు కూడా కెమెరా ఊగుతుంది. కిటికీ చుట్టూ ఉన్న పట్టాలకు కీళ్లున్న లోహపు చేతిని బిగించి, దాని కొనకు కెమెరాను తగిలిస్తారు. ఫొటోల మధ్య విరామాన్ని నియంత్రించే ఇంటర్వెలోమీటర్ పెడితే షట్టర్‌ను వేలితో నొక్కే పని కూడా ఉండదు. ఇంకొక చిక్కు కేంద్రంలోని వ్యాయామం. కూపోలా అతుక్కుని ఉన్న ట్రాంక్విలిటీ విభాగంలోనే ట్రెడ్‌మిల్లు, బరువులెత్తే యంత్రం కూడా ఉన్నాయి. వాటికి ప్రకంపనలను అరికట్టే అమరికలు ఉన్నా, పెద్ద లెన్స్‌తో తీసేటప్పుడు పక్కన ఎవరు ఏం చేస్తున్నారో గమనించుకోవడం మంచిది.

ఏ కెమెరాలు వాడతారు?

చాలా వరకు దుకాణాల్లో దొరికే నికాన్ కెమెరాలే. పెటిట్ తొలి యాత్ర నాటికి కొడాక్ డీసీఎస్ 760 వంటి తొలితరం డిజిటల్ కెమెరాలు ఉండేవి. ఆ తర్వాత డీ3ఎస్, డీ4, డీ5, 2024 నుంచి జడ్9 వచ్చాయి. రాత్రి ఫొటోల తీరును మార్చినది డీ3ఎస్ తరం. తక్కువ వెలుగులో అది చూపిన సామర్థ్యం వల్లే ధ్రువకాంతుల వీడియోల వంటివి వరుసగా రాగలిగాయి. లెన్సుల్లో ఎఫ్/1.4, ఎఫ్/1.8 వంటి పెద్ద ఎపర్చర్ ఉన్న వెడల్పు లెన్సులదే పైచేయి. వ్యవధి తక్కువైనప్పుడు కాంతిని ఎక్కువగా రానిచ్చే లెన్సే ఆదుకోవాలి మరి.

గాలి లేదు కాబట్టి లదాఖ్‌లోని హాన్లే వంటి చోట కంటే అక్కడ ఫొటోలు ఎన్నో రెట్లు మెరుగ్గా రావాలి కదా?

ఈ అపోహ చాలామందికి ఉంది. గాలి లేకపోవడం వల్ల నక్షత్రాలు మినుకుమనవు, నిజమే. కానీ వెడల్పు లెన్స్‌తో తీసే ఫొటోల్లో ఆ మినుకు నేల మీద కూడా పెద్దగా తేడా చూపదు. కంటికి కనిపించే కాంతిలో, నడినెత్తిన ఉన్న నక్షత్రం వెలుగులో వాతావరణం మింగేది ఐదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే. మరోవైపు హాన్లేలో, సముద్రమట్టానికి 4500 మీటర్ల ఎత్తున, మంచి ట్రాకర్ మీద కెమెరా పెట్టి నాలుగైదు గంటలు కదలకుండా కాంతిని పోగుచేయవచ్చు. కేంద్రంలో రాత్రి అరగంటకు కొంచెం ఎక్కువ. కనుక ఒక నెబ్యులా (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘం) సన్నటి పోగులను చూపడమే లక్ష్యమైతే హాన్లే ఔత్సాహికుడిదే గెలుపు.

కక్ష్య వల్ల అసలైన లాభం ఉన్నది రెండు చోట్ల. ఒకటి, వాతావరణం పూర్తిగా అడ్డుకునే అతినీలలోహిత కాంతి వంటివి. దానికి ప్రత్యేక టెలిస్కోపులు కావాలి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఇస్రో ప్రయోగించిన ఆస్ట్రోశాట్ అటువంటిదే. రెండోది, చేతి కెమెరా మాత్రమే చూపగలిగేది. నక్షత్రాలు, వాటి ముందు పక్కనుంచి కనిపించే మన వాతావరణపు పలుచటి పొర, దాని కింద మనుషుల దీపాలు, ఈ మూడూ ఒకే చట్రంలోకి వచ్చే కోణం నేల మీద ఎక్కడా దొరకదు. ఈ ఫొటోలను నేను విలువైనవిగా భావించేది ఈ కోణం కోసమే. పాలపుంతను ఎంత లోతుగా పట్టారన్నది వీటికి సరైన కొలబద్ద కాదు.

భూమి అంచుకు పైన ఆకుపచ్చని పలుచటి గీత కనిపిస్తుంది. అది కెమెరా లోపమా?

లోపం కాదు, ఎయిర్‌గ్లో అనే సహజ కాంతి. పగలంతా సూర్యుడి అతినీలలోహిత కాంతి ఆక్సిజన్ అణువులను విడగొడుతుంది. రాత్రి అవి తిరిగి కలిసేటప్పుడు విడుదలయ్యే శక్తిలో కొంత ఆకుపచ్చ వెలుగుగా, 557.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో బయటికి వస్తుంది. ఈ పొర సుమారు 95 నుంచి 100 కి.మీ. ఎత్తున ఉంటుంది. దాదాపు 90 కి.మీ. దగ్గర సోడియం పరమాణువుల పసుపు వెలుగు, 250 కి.మీ.కు పైన ఆక్సిజన్ ఎరుపు వెలుగు కూడా ఉంటాయి. నేల మీద మనం ఈ పొర కింద నిలబడి పైకి చూస్తాం కనుక అది ఆకాశమంతా పలుచగా పరుచుకుని మనకు తెలియదు. కక్ష్య నుంచి చూస్తే చూపు ఆ పొరను అడ్డంగా, వందల కిలోమీటర్ల మందంతో దాటుతుంది కనుక గీతగా చిక్కబడుతుంది. భూమి అంచుకు రెండున్నర డిగ్రీలకు కాస్త పైగా, అంటే ఐదు పున్నమి చంద్రులను నిలువుగా పేర్చినంత ఎత్తున ఈ గీత ఉంటుంది. దాని లోంచి కూడా నక్షత్రాలు కనిపిస్తాయి.

ధ్రువకాంతి దీనికి భిన్నం. అది సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాల వల్ల, ముఖ్యంగా అయస్కాంత ధ్రువాల చుట్టూ పుడుతుంది, కదులుతుంది, తెరల్లా వేలాడుతుంది. ఎయిర్‌గ్లో మాత్రం భూమి చుట్టూ అన్ని చోట్లా, ప్రతి రాత్రీ ఉంటుంది.

తోకచుక్కలు, ఉల్కలు, గ్రహణాల వంటివి అక్కడి నుంచి తీశారా?

తీశారు. వాటిలో కొన్ని చాలా గొప్పవి. 2011 డిసెంబరు 21న డాన్ బర్బ్యాంక్ తీసిన లవ్‌జాయ్ తోకచుక్క ఫొటోల్లో, సూర్యుడికి అతి దగ్గరగా వెళ్లి బతికి బయటపడిన ఆ తోకచుక్క పొడవాటి తోకతో భూమి అంచున, ఎయిర్‌గ్లో గీత మీద నిలబడి కనిపిస్తుంది. సూర్యుడికి దగ్గరగా ఉన్న తోకచుక్కలు నేల మీద మనకు వేకువ వెలుగులోనో, దిగంతపు మసకలోనో మునిగిపోతాయి. కక్ష్యలో ఆ మసక భూమి అంచున సన్నటి పట్టీకి పరిమితమవుతుంది కనుక తోకచుక్క శుభ్రంగా దొరుకుతుంది. 2020లో నియోవైజ్‌ను, 2024లో సుచిన్షాన్-అట్లస్‌ను కూడా ఇలాగే తీశారు.

2011 ఆగస్టు 13న రాన్ గారన్ తీసిన పెర్సీడ్ ఉల్క ఫొటో మరో రకం వింత. ఉల్కలు దాదాపు 100 కి.మీ. ఎత్తున మండిపోతాయి కాబట్టి ఆయన దాన్ని పై నుంచి కిందికి చూస్తూ తీశారు. 2012 జూన్‌లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు పెటిట్ కూపోలా నుంచి ఆ దృశ్యాన్ని నమోదు చేశారు. అందుకు కావలసిన సోలార్ ఫిల్టర్‌ను ముందే గుర్తుపెట్టుకుని వెంట తీసుకెళ్లారు. కిటికీ లోపలి గీతల రక్షణ పలకను కూడా తొలగించి తీశారు. ముందుచూపుకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చంద్రుడు నలిగిపోయినట్టు, చప్పిడిగా ఉన్న ఫొటోలు నిజమైనవేనా?

నిజమైనవే. భూమి అంచున అస్తమిస్తున్న చంద్రుడి కాంతి వాతావరణంలోకి ప్రవేశించేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు మరొకసారి వంగుతుంది. అందువల్ల వక్రీభవనం మనకు దిగంతంలో కనిపించే దానికి సుమారు రెట్టింపు అవుతుంది. బింబం కింది అంచు పై అంచు కంటే ఎక్కువగా పైకి లేచి, చంద్రుడు అప్పడంలా అణిగిపోతాడు. ఈ దృశ్యానికి దొరికే సమయం చాలా తక్కువ. నిమిషానికి 4 డిగ్రీల లెక్కన అర డిగ్రీ బింబం దాటిపోవడానికి దాదాపు 8 సెకన్లు చాలు. సూర్యోదయానికీ అంతే. అక్కడ రోజుకు సుమారు 16 సూర్యోదయాలు ఉంటాయి కనుక ఒకటి తప్పినా గంటన్నరలో మరొకటి వస్తుంది.

అక్కడ రాత్రి ఎంతసేపు ఉంటుంది?

సాధారణంగా ఒక్కో ప్రదక్షిణలో దాదాపు 35 నిమిషాలు. చీకటికి మన కళ్లు పూర్తిగా అలవాటు పడటానికే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది కనుక కన్ను సిద్ధమయ్యేసరికి తెల్లవారుతుంది. కక్ష్యాతలానికీ సూర్యుడి దిశకూ మధ్య కోణం బాగా పెరిగిన రోజుల్లో, అంటే జూన్, డిసెంబరు నెలల చుట్టుపక్కల కొద్ది రోజుల పాటు, కేంద్రం భూమి నీడలోకి అసలు వెళ్లదు. ఆ రోజుల్లో నక్షత్రాల ఫొటోలకు సెలవే. వెన్నెల రాత్రుల్లో కింద మేఘాలు, కేంద్రం భాగాలు వెలుగుతాయి. కొందరు వాటిని ఫొటోలో చూపడానికి ఆ రాత్రుల కోసమే చూస్తారు.

కెమెరాలు పాడవుతాయా?

అవుతాయి. విశ్వకిరణాలు సెన్సర్‌ను తాకినప్పుడు కొన్ని పిక్సెళ్లు శాశ్వతంగా దెబ్బతిని, ఎప్పుడూ వెలుగుతూ ఉండే చుక్కలుగా మారతాయి. నెలలు గడిచేకొద్దీ వీటి సంఖ్య పెరుగుతుంది. పగటి ఫొటోల్లో అవి కంటికి ఆనవు గానీ, నల్లటి ఆకాశంలో అచ్చం నక్షత్రాల్లా కనిపించి మోసం చేస్తాయి. లెన్స్ మూత పెట్టి అదే వ్యవధితో ఒక ఫొటో తీసి, దాన్ని అసలు ఫొటో నుంచి తీసివేయడం ఒక పరిష్కారం. బాగా దెబ్బతిన్న కెమెరాలను పక్కన పెట్టి కొత్తవి పంపిస్తారు.

కక్ష్య నుంచి నక్షత్రాలను మొట్టమొదట ఎవరు ఫొటో తీశారు?

1962 ఫిబ్రవరి 20న ఫ్రెండ్‌షిప్ 7లో భూమిని చుట్టివచ్చిన జాన్ గ్లెన్ దగ్గర రెండు కెమెరాలు ఉన్నాయి. ఒకటి దుకాణంలో కొన్న ఆన్‌స్కో. రెండోది అతినీలలోహిత వర్ణపటాలు తీయడానికి మార్చిన లైకా. ఈ రెండోదానితో ఆయన ఓరియన్ మండలంలోని, అంటే మన మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలున్న దిక్కులోని తారల వర్ణపటాలు తీశారు. మనిషి అంతరిక్షంలో స్వయంగా చేసిన తొలి ఖగోళ ప్రయోగాల్లో ఇది ఒకటి. 1966 జూలైలో జెమిని 10 యాత్రలో మైకేల్ కాలిన్స్ నౌక తలుపు తెరిచి, నిలబడి, దక్షిణ పాలపుంతను అతినీలలోహిత కాంతిలో ఫొటోలు తీశారు. కిటికీ అద్దం ఆ కాంతిని రానివ్వదు కనుక తలుపు తెరవక తప్పలేదు. 1973 డిసెంబరులో సోవియట్ సోయుజ్ 13లో క్లిముక్, లెబెదెవ్ ఓరియన్-2 అనే టెలిస్కోపుతో వేలాది నక్షత్రాల వర్ణపటాలు సేకరించారు.

మన దేశానికి, మన ప్రాంతానికి ఇందులో సంబంధం ఏమైనా ఉందా?

1984 ఏప్రిల్‌లో సల్యూత్ 7లో ఉన్న రాకేశ్ శర్మ పనుల్లో ఫొటోగ్రఫీ ముఖ్యమైనదే గానీ, అది భారత భూభాగాన్ని తీయడం. 2025 జూన్ 25న బయల్దేరి జూలై 15న తిరిగివచ్చిన శుభాంశు శుక్లా కూడా కూపోలా నుంచి భూమిని ఫొటోలు తీశారు. మన తీరానికి దగ్గరి ఉదంతం మరొకటి ఉంది. 2015 సెప్టెంబరులో డెన్మార్క్ వ్యోమగామి ఆండ్రియాస్ మోగెన్సెన్ బంగాళాఖాతం మీది ఉరుముల మేఘాలను వీడియో తీశారు. 160 సెకన్ల ఆ వీడియోలో మేఘాల శిఖరాల మీద 245 నీలి మెరుపులు నమోదయ్యాయి. ఒక నీలి జెట్ (మేఘం పైనుంచి పైకి చిమ్మే మెరుపు) దాదాపు 40 కి.మీ. ఎత్తుకు ఎగసింది. వాటిని కింది నుంచి చూడాలంటే మేఘమే అడ్డం. ఇది నక్షత్రాల ఫొటో కాదు గానీ అదే కెమెరా, అదే కిటికీ, అదే చీకటి, అదే ఓర్పు.

ఈ ఫొటోల్లో రంగులు నిజమైనవేనా? అసలు ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి?

ఎయిర్‌గ్లో ఆకుపచ్చ, సోడియం పసుపు, ధ్రువకాంతి ఎరుపు నిజంగా ఉన్న రంగులే. అయితే కన్ను చీకట్లో రంగులను బలహీనంగా చూస్తుంది, సెన్సర్ సెకన్ల పాటు పోగుచేస్తుంది. కాబట్టి ఫొటోలో అవి కంటికి కనిపించే దానికంటే గాఢంగా ఉంటాయి. నక్షత్ర వలయాల బొమ్మలు అనేక ఫొటోల కలయిక. ఆ సంగతి చెప్పి ప్రచురించినంత వరకు అందులో తప్పేమీ లేదు.

నాసా జాన్సన్ అంతరిక్ష కేంద్రం వ్యోమగాముల ఫొటోల భాండాగారాన్ని అందరికీ తెరిచి ఉంచింది. ప్రతి ఫొటో సంఖ్యలో ముందు యాత్ర పేరు, తర్వాత డిజిటల్ అని తెలిపే ఇంగ్లిష్ E అక్షరం, చివర వరుస సంఖ్య ఉంటాయి. వరుస సంఖ్యకు ముందు వెనకలున్న ఫొటోలు కూడా తెరిచి చూడండి. ప్రసిద్ధమైన ఒక ఫొటోకు ఇరువైపులా వందలాది ప్రయత్నాలు కనిపిస్తాయి, నేర్చుకునేది అక్కడే ఎక్కువ.

ఇక్కడి నుంచి మనమేం చేయవచ్చు?

కేంద్రాన్నే ఫొటో తీయవచ్చు. సూర్యాస్తమయం తర్వాత గంట, రెండు గంటల్లోనో, తెల్లవారుజామునో అది తెలుగు రాష్ట్రాల మీదుగా వెళ్లినప్పుడు శుక్రుడంత కాంతితో, మినుకుమనకుండా, కొద్ది నిమిషాల్లో ఆకాశం దాటుతుంది. వెళ్లే వేళలను నాసా వారి స్పాట్ ది స్టేషన్ సేవ తెలుపుతుంది. ట్రైపాడ్ మీద వెడల్పు లెన్స్ పెట్టి, పది నుంచి ఇరవై సెకన్ల ఎక్స్‌పోజర్లు విరామం లేకుండా తీసి పేర్చితే నక్షత్రాల మధ్య దాని దారి గీతగా వస్తుంది. టెలిస్కోపు ఉన్నవారు చంద్రబింబం మీదుగా అది దాటడాన్ని ప్రయత్నించవచ్చు. నడినెత్తిన ఆ దాటడం దాదాపు అర సెకను మాత్రమే, దాని పరిమాణం ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కంటే తక్కువ. కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న పట్టీలో నిలబడితేనే అది దొరుకుతుంది కనుక, స్థలాన్ని ముందే లెక్కగట్టుకుని, స్టిల్ ఫొటో బదులు వీడియో తీయడం మంచిది. సూర్యబింబం మీదుగా దాటే సందర్భంలో టెలిస్కోపు ముందు భాగానికి సరైన సోలార్ ఫిల్టర్ బిగించనిదే కంటిని గానీ కెమెరాను గానీ అటు తిప్పవద్దు.